పాత రివాల్వరు: దాని పేరు, దాని వయస్సు

తాతగారి భోషాణము అడుగున, నూనెగుడ్డలో చుట్టిన రివాల్వరు ఒకటి బయటపడుట తెలుగునాట మరీ వింతయైన సంగతి కాదు. జమీందారీ కుటుంబములలోను, పోలీసు కొలువు చేసినవారి యిండ్లలోను, అటవీశాఖ ఉద్యోగుల సంతతివారి వద్దను ఇట్టివి కానవచ్చుచుండును. ఆయుధముతోబాటు ఒక కథయు బయటపడును. ఇది సిపాయీల తిరుగుబాటు నాటిదని యొకరందురు. దొరగారు తమ చేతితో బహూకరించినదని మరియొకరందురు. దానిపై 1871 అని చెక్కియున్నది గనుక అదియే దాని పుట్టిన సంవత్సరమని వేరొకరు నిశ్చయింతురు.

మాకు తారసపడిన ఇట్టి కథలలో అబద్ధమాడవలెనని చెప్పినవి లేవనియే మా నమ్మకము. కాని రివాల్వరు తన సంగతిని తానే చెప్పుకొనగలదు. గొట్టముపైన, సిలిండరుపైన, పిడి చెక్కల క్రింద, చట్రమునకు కుడియెడమల చిన్న చిన్న ముద్రలు ఉండును. చిక్కేమనగా ఆ ముద్రలన్నియు ఒకే కాలమునాటివి కావు, ఒకే విషయమును చెప్పవు. కొన్ని "ఈ యేటికి ముందు నేను పుట్టలేదు" అని చెప్పును. కొన్ని "ఈ యేటి తరువాత ఇట్టివి చేయలేదు" అని చెప్పును. మరికొన్ని పుట్టుకతో సంబంధములేని అమ్మకములను, మరమ్మతులను చెప్పును. ఈ హద్దులను రెండు ప్రక్కలనుండి దగ్గరకు జరుపుకొనుచు వచ్చుటయే వయోనిర్ణయము. కంటికి ముందుగా కనబడిన అంకెను పట్టుకొనినవాడు సాధారణముగా పొరబడును.

ఇది కేవలము కాలక్షేపమునకు చేయు పని కాదు. ఇంటిలో నున్నది ఏ ఆయుధమో, పనిచేయునదో పనిచేయనిదో తేలనంతవరకు దానికి లైసెన్సు కావలెనా, మ్యూజియమునకు ఈయవచ్చునా, అసలు ఇంటిలో ఉంచుకొనుటయే నేరమా అను ప్రశ్నలకు సమాధానము దొరకదు. చరిత్ర వ్రాయువారికిని ఇది అవసరమే. ఒక పేరుపొందిన వ్యక్తి చేతిలోనిదని చెప్పబడు ఆయుధము ఆ వ్యక్తి మరణించిన పిమ్మట తయారైనదని తేలినచో ఆ ప్రదర్శనమునకు విలువ యేమి?

మొట్టమొదట జాగ్రత్త. పాత రివాల్వరు ఖాళీగా నున్నదని ఎవరి మాటనుబట్టియు నమ్మరాదు. నలువదేండ్లుగా పెట్టెలో నున్న తూటా కూడ పేలవచ్చును. తెలిసినవారు, అనగా పోలీసు ఆయుధాగారపు నిపుణులో, లైసెన్సుగల తుపాకుల వ్యాపారియో, సిలిండరులోని అరలన్నిటిని చూచి ఖాళీయని నిర్ధారణ చేయువరకు దానిని త్రిప్పి చూచుట మంచిది కాదు. రెండవ జాగ్రత్త, తుడువకుండుట. చింతపండుతోను, ఇటుకపొడితోను తోమి తళతళలాడించిన ఇత్తడిచెంబు అందముగా నుండునుగాని, అట్లు తోమిన రివాల్వరు మూగదగును. ముద్రల లోతు వెండ్రుకవాసి; గరుకుకాగితముతో నాలుగుమార్లు రుద్దినచో అవి శాశ్వతముగా పోవును. తుప్పు పట్టినను ముద్ర తుప్పు అడుగున మిగిలియుండవచ్చును. రాపిడి పెట్టినచోట మిగులునది లేదు.

ఇక రివాల్వరు అనగానేమి? మన పత్రికలలో చేతితుపాకులన్నిటిని రివాల్వరనియే వ్రాయుట వాడుకయైపోయినది. తూటాలు నింపు అరలు గుండ్రని సిలిండరులో వరుసగా నుండి, ప్రతి దెబ్బకును ఆ సిలిండరు ఒక అర చొప్పున తిరుగునదే రివాల్వరు. తూటాలు పిడిలోని డబ్బానుండి స్ప్రింగు బలముచేత పైకి వచ్చునది పిస్తోలు. 1931 ఫిబ్రవరి 27వ తేదీన అలహాబాదులోని ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర ఆజాద్ కడపటిసారి పట్టినది కోల్టు పిస్తోలే గాని రివాల్వరు కాదు. ఈ భేదము చాదస్తమని కొందరనుకొందురు. వాఙ్మూలములో రివాల్వరని యుండి, పెట్టెలో పిస్తోలున్నచో, అది ఆ కేసులోని ఆయుధమేనా అను సందేహము అక్కడనే మొదలగును.

రివాల్వరు వయస్సు తెలుపు మొదటి గుర్తు దానిపై చెక్కిన అక్షరము కాదు. దానిని నింపు పద్ధతి. అమెరికావాడైన సామ్యూల్ కోల్టు 1836లో తన దేశమున పేటెంటు పొందిన నాటినుండి సుమారు రెండు దశాబ్దములపాటు రివాల్వర్లన్నియు ముందువైపునుండి నింపబడినవే. ప్రతి అరలోను మందు పోసి, సీసపుగుండును దట్టించి, వెనుకనున్న చిన్న చనుమొనవంటి గొట్టమునకు రాగిటోపీని తొడుగవలెను. సుత్తి ఆ టోపీని కొట్టినపుడు నిప్పు పుట్టి మందు అంటుకొనును. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున కోల్టు రివాల్వర్లును, ఆంగ్లేయుడైన రాబర్ట్ ఆడమ్స్ చేసిన రివాల్వర్లును ప్రక్కప్రక్కన నిలిచినవి. కోల్టుది సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగిన గాని పేలదు. ఆడమ్స్ మొదటి రివాల్వరు ట్రిగ్గరు నొక్కినచాలును, సుత్తి తానే లేచి పడును. 1856లో బోమాంట్ అను సైనికోద్యోగి ఈ రెండు పద్ధతులను కలిపి చేసిన మార్పుతో అది బోమాంట్-ఆడమ్స్ అయినది. 1857లో మన దేశమున ఆంగ్లేయ సైనికాధికారుల చేతులలో నున్న రివాల్వర్లు ముఖ్యముగా ఈ కోల్టు, ఆడమ్స్ జాతులవే.

తూటాను వెనుకనుండి పెట్టు రివాల్వర్లు వచ్చుట ఆ తరువాతి కథ. ఫ్రాన్సులో లెఫోషో 1854 నాటికే ప్రక్కకు పొడుచుకొనివచ్చిన సూదిగల తూటాతో రివాల్వరు చేసెను. అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు రోలిన్ వైట్ అనునతని 1855 నాటి పేటెంటును ఆధారము చేసికొని, 1857లో 0.22 అంగుళపు చిన్న రివాల్వరు ప్రారంభించిరి. ఆ పేటెంటు 1869లో ముగియువరకు ఆ దేశమున ఇతరులకు ఆ దారి మూతబడియుండెను. అడుగు నట్టనడుమ గుండ్రని టోపీ కల ఇత్తడి తూటాలు, అనగా నేడు మనము సాధారణముగా చూచు రకము, 1860ల రెండవ భాగమున గాని వ్యాపించలేదు. కనుక పెట్టెలో దొరికినది అట్టి తూటాను వెనుకనుండి పెట్టు రివాల్వరైనచో, అది 1857లో ఏ సిపాయిపైనను, ఏ దొర చేతనుండియు పేలియుండదు. ముందునుండి నింపు పాత రివాల్వరును తరువాత తూటాకు మార్చినదైనచో మాత్రమే కథ నిలుచును. అట్టి మార్పులు జరిగినవి గాని సిలిండరు వెనుక చేసిన పని నిపుణుని కంటికి దొరుకును.

మన దేశమున దొరకు పాత రివాల్వర్లలో ఎక్కువగా చెప్పుకొనవలసినది వెబ్లీ. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున వెబ్లీ కుటుంబమువారు తుపాకులు చేయుచుండిరి. 1868లో ఐరిష్ పోలీసుదళమునకు వారు చేసిన పొట్టి రివాల్వరు వారికి పేరు తెచ్చినది. 1887లో బ్రిటిష్ ప్రభుత్వము వారి మడతరివాల్వరును సైన్యమునకు స్వీకరించెను. మడత అనగా, వెనుకనున్న మీటను బొటనవ్రేలితో నొక్కగానే గొట్టము కీలుపై ముందుకు వంగును. వంగునపుడు నక్షత్రాకారపు పలక ఒకటి పైకి లేచి ఖాళీ తూటాలన్నిటిని ఒక్కసారిగా బయటకు నెట్టును. ఈ మొదటి నమూనాకు మార్క్ ఒకటి అని పేరు. తరువాత 1890లలో రెండు, మూడు, 1899లో నాలుగు, 1913లో అయిదు, 1915 మేలో ఆరు వరుసగా వచ్చినవి. నమూనా సంఖ్యను రోమను అంకెలలో చట్రముపై ముద్రించుట వారి వాడుక. ఆ అంకె ప్రక్కన నక్షత్రమున్నచో, ఆ నమూనాలో తరువాత చిన్న మార్పు చేసినారని అర్థము.

ముద్ర అరిగిపోయినను ఆరవ మార్కును గుర్తుపట్టుట కష్టము కాదు. మొదటి అయిదింటి పిడి చిలుకముక్కువలె క్రిందకు వంపు తిరిగియుండును. ఆరవదానిది నలుచదరపు అడుగుగల పిడి. మొదటివాటి గొట్టము సాధారణముగా నాలుగంగుళములది కాగా ఆరవదానిది ఆరంగుళములు. తూకము కిలోకు పైమాట. అన్నిటికంటె మేలైన సంగతి, వెబ్లీవారు ఆరవ మార్కు చట్రముపై తయారైన సంవత్సరమును కూడ ముద్రించిరి. 1915, 1916, 1917, 1918 అను అంకెలు ఈ జాతి రివాల్వర్లపై కనబడుచుండును. ఇక్కడ మాత్రము కంటికి కనబడు అంకె నిజమైన అంకెయే. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ కర్మాగారమువారు 1921 మొదలు 1926 వరకు ఇదే నమూనాను చేసిరి. వానిపై వెబ్లీ పేరునకు బదులు ఎన్‌ఫీల్డ్ పేరును, కిరీటమును ఉండును. వెబ్లీ వలెనే యున్నదిగాని వెబ్లీ అని లేదు గనుక నకిలీయని ఒక ఎన్‌ఫీల్డ్ రివాల్వరును తీసిపారవేయుట అన్యాయమగును.

వెబ్లీ విషయమున పెద్ద ఉచ్చు నాలుగవ మార్కులో కలదు. 1899 నాటి నాలుగవ మార్కు 0.455 అంగుళపు తూటాది. దక్షిణాఫ్రికాలో బోయర్లతో జరిగిన యుద్ధమునకు ఇది పోయినది గనుక దానిని బోయర్‌యుద్ధపు నమూనా అని కూడ అందురు. తరువాత మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపిదప బ్రిటిష్ సైన్యము తేలికయైన 0.38 అంగుళపు తూటాకు మారదలచినది. అందుకై వెబ్లీవారు చిన్న రివాల్వరు నొకటి తయారుచేసి దానికిని నాలుగవ మార్కు అనియే పేరు పెట్టిరి. పేరు ఒకటే, రూపము పెద్దన్న, చిన్నతమ్ముడువలె దగ్గరగా నుండును, కాని నడుమ ఒక తరము దూరము కలదు. చిన్నదానిని చేతబట్టుకొని ఇది బోయర్ యుద్ధమునాటిదని చెప్పువారు లేకపోలేదు. గొట్టపు రంధ్రమును కొలిచినచో తగవు ఒక నిముషములో తీరును.

ఈ చిన్న వెబ్లీకి ఇంకొక చరిత్ర కలదు. వెబ్లీవారి సాయముతో నమూనాను పరిశీలించిన ప్రభుత్వము, తుదకు దాదాపు అదే పోలికతో తన ఎన్‌ఫీల్డ్ కర్మాగారముననే రివాల్వరు చేయించి 1932లో రెండవ నంబరు అను పేరుతో స్వీకరించెను. వెబ్లీవారు 2,250 పౌనులు పరిహారమడిగిరి. వాదోపవాదముల పిదప నూతనకల్పనల బహుమాన సంఘము వారికి 1,250 పౌనులు ఇప్పించెను. రెండవ ప్రపంచయుద్ధములో ఎన్‌ఫీల్డువారు చేసిన రివాల్వర్లు చాలక, ఆ వద్దన్న వెబ్లీనే ప్రభుత్వము మరల పెద్దయెత్తున కొనవలసివచ్చినది. మన కాన్పూరులోని ఆయుధ కర్మాగారము స్వాతంత్ర్యానంతరము పౌరుల కొరకు చేసిన 0.32 అంగుళపు రివాల్వరునకు సయితము ఈ చిన్న వెబ్లీయే మాతృక. పోలికనుబట్టి దానిని యుద్ధకాలపు విలాయతీ సరుకని కొనువాడు తొందరపడినట్లే.

ఎన్‌ఫీల్డ్ రెండవ నంబరు మరియొక పాఠము చెప్పును. టాంకుల లోపల కూర్చుండు సైనికులకు సుత్తిపైనున్న కొక్కెము వస్తువులకు తగుల్కొనుచున్నదని 1938లో దానిని తీసివేసి, ట్రిగ్గరుతో మాత్రమే పేలునట్లు మార్చిరి. అయితే కొక్కెము లేనంతమాత్రమున అది 1938 తరువాతి రివాల్వరు కానక్కరలేదు. పాతవి మరమ్మతుకు వచ్చినప్పుడెల్ల వానిని కూడ కొత్తరీతికి మార్చిరి. చట్రము పాతది, సుత్తి కొత్తది. ఆయుధము పుట్టినది యెప్పుడు, అది నేటి రూపమునకు వచ్చినది యెప్పుడు అను రెండు ప్రశ్నలను వేరువేరుగా అడుగవలెను.

ఇక అంకెల సంగతి. మొదట చెప్పిన 1871 విషయము చూతము. 1873లో వచ్చిన కోల్టు సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వరు చట్రముపై 1871, 1872, 1875 సంవత్సరముల తేదీలు రెండుగాని, మూడుగాని కనబడును. ఇవి పేటెంటు పొందిన తేదీలు. కల్పనపై తమ హక్కును లోకమునకు చాటుటకు వేసినవి. ఈ నమూనాను 1940 వరకు సుమారు 3,57,000 చేసిరి. 1871 అను అంకెగల రివాల్వరు నిజమునకు 1900 తరువాతిది కావచ్చును. మూడవ తేదీ, అనగా 1875 నాటిది, ఉన్నచో అది 1875కు ముందుది కాదనుట మాత్రమే నిశ్చయము. ఇంతకంటె విచిత్రమైనది 1851 నమూనా కోల్టు నేవీ రివాల్వరు. దాని సిలిండరు చుట్టు ఓడల యుద్ధదృశ్యము చెక్కియుండును. దాని దాపున 1843 మే 16 అను తేదీ ఉండును. అది టెక్సస్ నౌకలు మెక్సికో నౌకలతో పోరాడిన దినము. ఆ దినమునకు ఈ నమూనా ఇంకను ఊహలో కూడ లేదు. అదే రివాల్వరు గొట్టముపై లండను చిరునామా ఉన్నచో అది 1853లో కోల్టు లండనులో తెరచి, కొద్ది యేండ్లకే మూసివేసిన కర్మాగారమునాటిది. చిరునామా చెప్పినంత ఖచ్చితముగా అక్కడ యుద్ధపు తేదీ చెప్పలేదు.

పరీక్షాముద్రలు వేరొక జాతి. ఇంగ్లండులో తుపాకిని అమ్ముటకు ముందు మామూలుకంటె ఎక్కువ మందు దట్టించి పేల్చి, పగులకుండ నిలిచినదానిపై ముద్ర వేయవలెనని శాసనము. ఈ పరీక్షాశాలలు రెండు, లండనులో నొకటి, బర్మింగ్‌హామ్‌లో నొకటి. బర్మింగ్‌హామ్ శాల 1813 నాటి చట్టముచేత ఏర్పడినది. 1904 వరకు అది కిరీటము క్రింద రెండు రాజదండములు అడ్డముగా నున్న ముద్రను వేసెను. 1904 నుండి కిరీటము క్రింద బి.పి., బి.వి. అను అక్షరములు వచ్చినవి. పొగలేని మందుతో పరీక్షించినదానికి ఎన్.పి. అని వేసిరి. అంతట కేవలము కిరీటమును, దండములును మాత్రమే యున్న బర్మింగ్‌హామ్ రివాల్వరు 1904కు ముందుదని చెప్పుటకు మంచి ఆధారము దొరికినట్లే. 1925 నుండి 1955 వరకు పరదేశపు సరుకుపై "ఇంగ్లీషు తయారీ కాదు" అని ఇంగ్లీషులో ముద్రించిరి. బెల్జియములోని లియేజ్ పరీక్షాశాల కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అను అక్షరములు వేయును. దానిపై కిరీటము చేర్చినది 1893లో. వెబ్లీ బుల్‌డాగ్ అను పొట్టి రివాల్వరును అనుకరించి లియేజ్‌లో చేసినవి లోకమంతట వ్యాపించినవి గనుక, ఇంటిలో వెబ్లీ అని చెప్పుకొనుచున్నది ఈ ముద్రతో బెల్జియముదని తేలుట కలదు.

సైన్యమునకు చేసిన ఆయుధములపై సైనికపరీక్షకుల ముద్రలుండును. వెడల్పయిన బాణపుములికి బ్రిటిష్ ప్రభుత్వపు సొత్తునకు గుర్తు. ములికి క్రింద ఇంగ్లీషు "ఐ" అక్షరమున్నచో ఇండియా ప్రభుత్వముది. అట్టి రివాల్వరు మన దేశపు సైన్యమునకో పోలీసునకో వచ్చినదని చెప్పుటకు ఇది మంచి సాక్ష్యము. రెండు ములుకులు మొనలు తగులునట్లు ఎదురెదురుగా నున్నచో ప్రభుత్వము దానిని అమ్మివేసినదని అర్థము. అట్లు ఇంగ్లండులో అమ్మినదానిని పౌరులకు విక్రయించుటకు మరల పౌరపరీక్షకు పంపవలెను. కనుకనే 1917లో తయారైన వెబ్లీపై, లేదా రెండవ ప్రపంచయుద్ధకాలములో అమెరికాలో బ్రిటిషువారి కొరకు చేసిన స్మిత్ అండ్ వెస్సన్‌పై, 1955 తరువాతి బి.ఎన్.పి. ముద్రయు, ఒత్తిడిని టన్నులలో తెలుపు అంకెలును కనబడును. అవి పుట్టినతేదీని చెప్పవు; ఉద్యోగవిరమణ తేదీని చెప్పును.

గొట్టముపై నున్న పేరు సదా తయారుచేసినవానిది కాదు. ఆ కాలమున బ్రిటిష్ సైనికాధికారులు తమ రివాల్వరును స్వంత ధనముతో కొనుకొనుచుండిరి. లండనులోని ఆర్మీ అండ్ నేవీ సహకార దుకాణమునకు బొంబాయి, కలకత్తాలలోను శాఖలుండెను. కలకత్తాలో రోడా కంపెనీ, మద్రాసులో గడియారములకు ప్రసిద్ధికెక్కిన పి. ఆర్ అండ్ సన్సు తుపాకులు కూడ అమ్మినవారే. తమ దుకాణపు పేరును సరుకుపై చెక్కించుట వ్యాపారుల మర్యాద. "మద్రాసులో చేసిన రివాల్వరు" అని ఎవరైన చూపినచో మొదట పరీక్షాముద్రలను చూడవలెను; అవి బర్మింగ్‌హామ్ అనినచో మద్రాసు దుకాణపు పేరే గాని పుట్టినయూరు కాదు. అయినను ఆ పేరును తక్కువగా చూడరాదు. దుకాణము ఆ చిరునామాలో ఎన్నాళ్లున్నదో తెలిసినచో, కాలమునకు అది కూడ ఒక హద్దే.

నకిలీల సంగతి క్లుప్తముగా చెప్పెదము. వాయవ్యసరిహద్దున దర్రా ఆదం ఖేల్ అను ఊరిలోని పనివారు చేతి ఆకురాయితో ఏ తుపాకినైనను పోలికకు పోలిక దింపగలరు. వెబ్లీలును అక్కడ పుట్టినవే. వారి ఇనుపపని నిజముగా మెచ్చదగినది. ఇంగ్లీషు అక్షరములే వారిని పట్టియిచ్చును. "ఎన్" తలక్రిందులై యుండును, అక్షరక్రమము తప్పియుండును, కిరీటము పూలకుండీవలె నుండును. మొదటి ప్రపంచయుద్ధమున రివాల్వర్లు చాలనందున 1915లో బ్రిటిష్ ప్రభుత్వమే స్పెయిన్ దేశములోని ఐబార్ పరిసరముల కార్ఖానాలనుండి వెబ్లీ తూటాకు తగిన రివాల్వర్లను కొన్నది. అవి నకిలీలు కావు. వాని పేరు వేరు, అంతే.

చివరకు సంఖ్య. ప్రతి రివాల్వరునకును ఒక వరుససంఖ్య ఉండును. దానిని చెప్పి వయస్సడుగుట చాలదు. ఒక్కొక్క నమూనాకు సంఖ్యలు మరల ఒకటినుండి మొదలగును గనుక నమూనా తేలకుండ సంఖ్యకు అర్థము లేదు. ఇంటిపేరు తెలియక పేరుమాత్రముతో మనిషిని వెదకినట్లుండును. స్మిత్ అండ్ వెస్సన్ యుద్ధకాలపు రివాల్వరులో సంఖ్యకు ముందు "వి" అను అక్షరమున్నచో అది 1942కు ముందుది కాదు. కోల్టువంటి కంపెనీలు తమ పాత చిట్టాలు భద్రపరచినందున, నమూనాయు సంఖ్యయు పంపినచో ఏనాడు ఏ వర్తకునికి పంపినదియు వెదకి తెలుపు ఏర్పాటు చేసినవి. సిలిండరుపై నొకటి, చట్రముపై నొకటి వేరువేరు సంఖ్యలున్నచో రెండు రివాల్వర్ల భాగములు కలిసినవని గ్రహింపవలెను. సంఖ్యను అరగదీయుటయు మార్చుటయు 1959 నాటి ఆయుధ చట్టము ఎనిమిదవ విభాగము క్రింద నేరము.

ఆ చట్టమునే మరికొంత చెప్పవలెను. పురాతనమైనదైనచో లైసెన్సు అక్కరలేదను భావము మనలో బలముగా నున్నది. చట్టములోని 45వ విభాగము పాతనమూనా ఆయుధములను, పురావస్తువిలువగలవానిని, చెడిపోయినవానిని మినహాయించుట నిజమే. కాని మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా ఉపయోగించుటకు వీలులేనిదైనచోనే ఆ మినహాయింపు. నూరేండ్లు నిండిన వస్తువును పురావస్తువుగా పరిగణించు 1972 నాటి చట్టము వేరు. 1917 నాటి వెబ్లీ నూరేండ్లు దాటినదే. దాని స్ప్రింగు నేటికిని బిగువుగా నున్నచో ఆయుధచట్టము దృష్టిలో అది తుపాకియే. లైసెన్సుదారు మరణించినచో వారసులు ఆలస్యము చేయక దగ్గరి పోలీసుస్టేషనులోగాని, లైసెన్సుగల వ్యాపారివద్దగాని ఆయుధమును జమచేసి, తమ పేర లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. రసీదులో నమూనా, తూటా కొలత, సంఖ్య సరిగా వ్రాయబడినవో లేదో చూచుకొనుట ముఖ్యము. "పాత రివాల్వరు ఒకటి" అని వ్రాసిన రసీదుతో తరువాత ఏ రివాల్వరునైనను తిరిగి ఇయ్యవచ్చును!

సంఖ్య విలువ ఎట్టిదో మన దేశచరిత్రలోనే రెండు నిదర్శనములు కలవు, రెండును పిస్తోళ్లవే. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన సరుకునుండి విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లను, 46,000 తూటాలను అపహరించిరి. ఆ పిస్తోళ్ల సంఖ్యలన్నియు కంపెనీ పుస్తకములలో నుండెను. తరువాతి యేండ్లలో వంగదేశమున దొరికిన మౌజర్లు ఆ సరుకులోనివో కావో పోలీసులు ఆ పట్టికతో పోల్చి చెప్పగలిగిరి.

రెండవది భగత్‌సింగ్ పిస్తోలు. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్ అను పోలీసు అధికారిపై ప్రయోగించినది 0.32 అంగుళపు కోల్టు పిస్తోలనియు, దాని సంఖ్య 168896 అనియు న్యాయస్థానపు రికార్డులలో వ్రాయబడెను. ఆ పిస్తోలు తరువాత చేతులు మారి, ఇందోరులో సరిహద్దు భద్రతాదళమువారి ఆయుధశిక్షణాలయపు మ్యూజియములో ఇతర పిస్తోళ్ల నడుమ చేరి, తుప్పు పట్టకుండ నల్లరంగు పూయబడి, ఎవరిదో తెలియకుండ ఏండ్ల తరబడి ఉండిపోయినది. 2016లో ఒక పత్రికారచయిత రికార్డులలోని సంఖ్యను పట్టుకొని వెదకగా, మ్యూజియమువారు అక్కడి కోల్టులపై పూసిన రంగును జాగ్రత్తగా గీకి చూచిరి. ఒకదానిపై 168896 అను అంకెలు బయటపడినవి. మరుసటి యేడు దానిని పంజాబులోని హుస్సేనీవాలాకు, భగత్‌సింగ్ సమాధి దాపుననున్న మ్యూజియమునకు తరలించిరి.